దొరకని చిలకపచ్చ

మొన్న మధ్యాహ్నం ఒక పెద్దామె మా కొట్టు మెట్లెక్కి, సంచీలోంచి చిలకపచ్చ రంగు బ్లౌజు ముక్క తీసి గల్లా మీద పరిచింది. మనిషికన్నా ముందు నేను ముక్కను గుర్తుపట్టాను. అంచున సన్నటి జరీ గీత, ఒక మూల టీ మరక. ఆ మరక మా కొట్టులోనే పడింది.

"దీనికి లైనింగ్ కావాలె," అన్నదామె.

వరంగల్ చౌరస్తా దగ్గర మ్యాచింగ్ సెంటర్ నడుపుతాను నేను. మా నాయనది కిరాణం, మేనమామలవి బట్టల కొట్లు. అక్షరాలకన్నా ముందు బేరం వచ్చింది నాకు. వాన కురుస్తుంటే కూడా ఆకాశం వైపు చూసి "ఇంత వద్దు, కొంచెం తగ్గించు" అంటానని మా ఇంట్లో వేళాకోళం. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు పొడవు గురించి కూడా బేరమాడానని మా ఆయన ఇప్పటికీ అంటాడు. అట్లాంటి నా నోరు ఆ ముక్కను చూడగానే పడిపోయింది.

వచ్చింది చాచీ. భర్త పోయాక ఆడవాళ్ళు పాటించే ఇద్దత్ గడువంతా ఇంట్లోనే ఉండి, బయటికి వచ్చిన మొదటి వారమే నేరుగా మా కొట్టుకు వచ్చింది.

"ఈ ముక్క పట్టుకొని మా ఆయన రోజు నీ కాడికి వస్తుండె," అన్నది. "పొద్దుమీకి ఇంటికొచ్చి, మ్యాచింగ్ దొరకలేదంటుండె. ఏం రంగు బిడ్డా ఇది? దునియాల లేని రంగా?"

నేను ముక్కను అటు తిప్పాను, ఇటు తిప్పాను.

"నాకు లైనింగ్ వద్దు," అన్నది మెల్లగా. "ఎందుకొస్తుండెనో చెప్పు. అడగకుండ ఉండలేక వచ్చిన."

చెప్పనని ఆయనకు మాట ఇచ్చి ఉన్నాను. చెప్పకపోతే ఈమె ఏం అనుకుంటుందో ఆ ముఖం మీదే కనిపిస్తోంది. రెండు వైపులా సిగ్గే. ఎటు మొగ్గినా ఒకరి ఇజ్జత్ పోతుంది.

ఆయన్ను నేను చాచా అనేదాన్ని. డోర్నకల్లో రైల్వే గార్డుగా చేసి రిటైరై, ఇక్కడ కరీమాబాదులో కొడుకు దగ్గర ఉండేవాడు. పొట్టి మనిషి. బొజ్జ. తెల్ల గడ్డం. చొక్కా జేబులో ఇంకా విజిల్ ఉండేది. బజార్లో నడిచేటప్పుడు కూడా బండి పక్కన ప్లాట్‌ఫారం మీద నడిచినట్టే, కొంచెం తల తిప్పి వెనక్కి చూస్తూ నడిచేవాడు, చివరి పెట్టె వస్తోందా లేదా అన్నట్టు.

మొదటిసారి ఆయన నిజంగా లైనింగ్ కోసమే వచ్చాడు. మా కొట్టు ఆడవాళ్ళ జాగా. మగవాళ్ళు వస్తే చేతిలో ఒక ముక్క పట్టుకొని, దాన్ని గేటు పాసులా చూపించి, పని అయిందనిపించుకొని పారిపోతారు. ఈయన పారిపోలేదు. నేను లైనింగ్ తాను దించేలోపు ఆయన కళ్ళు పక్కనున్న తెల్ల నెట్ మీద పడ్డాయి.

"జర ముట్టుకోవచ్చా?"

"గుడ్డే కదా చాచా, ముట్టుకోండి."

చేతులు ప్యాంటుకు తుడుచుకొని ముట్టుకున్నాడు. వేళ్ళ మధ్య నలిపి, వదిలి, అది మళ్ళీ లేచి నిలబడటం చూశాడు.

"ఎన్ని పొరలేస్తే ఇది నడుం చుట్టు పళ్ళెం లెక్క నిలబడ్తది? తీగ పెట్టకుంట."

మనవరాలి ఫ్రాకు కోసం అనుకున్నాను. గట్టి నెట్ అంటగట్టవచ్చని లోపల సంతోషపడి ధర చెప్పాను. ఆయన బేరం ఆడలేదు. బేరమాడని మనిషిని చూస్తే నాకు భయం. అవతలివాళ్ళు లాగకపోతే నేను పట్టుకున్న తాడు నాకే సిగ్గుగా కనిపిస్తుంది. నేనే తగ్గించి చెప్పాను. "వద్దు బిడ్డా, కొననీకె గాదు," అన్నాడు. "చూస్తాన, అంతే." లైనింగ్ సంగతి మరిచిపోయి వెళ్ళిపోయాడు.

మర్నాడు అదే ముక్కతో వచ్చాడు. లైనింగ్ కొయ్యనా అని కత్తెర తీశాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇయ్యాల్నే కోస్తే రేపెట్ల రావాలె?"

వాళ్ళింట్లో ముసలివాళ్ళు పని లేకుండా బజారుకు వెళ్తే కోడలు "యాడికి మామా, ఎందుకు మామా" అని అడుగుతుందట. ప్రేమతోనే. అందుకని ముక్క. ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్య ఒక ఆచారం మొదలైంది. ఆయన ముక్క పరిచేవాడు. నేను దాన్ని వెలుతురులోకి పట్టి చూసి, "ఇయ్యాల గూడ రాలేదు చాచా," అని పైకి వినపడేలా అనేదాన్ని. చిలకపచ్చ లైనింగ్ తాను నా తల మీద కొక్కేనికే వేలాడుతూ ఉండేది. ఆయన దాని కిందుగా వంగి కొట్టు వెనక పీకో మిషన్ దగ్గరికి వెళ్ళి స్టూలు మీద కూర్చునేవాడు. చొక్కా పై గుండీ పెట్టుకునేవాడు, పెద్ద హాల్లోకి వచ్చినట్టు. ఫోన్ తీసి దారపు రీళ్ళ డబ్బాకు ఆనించి పెట్టేవాడు.

అందులో బ్యాలె.

నేను మొదటిసారి చూసినప్పుడు నవ్వాను. తెల్లటి నెట్ పళ్ళేలు కట్టుకున్న ఆడపిల్లలు బొటనవేళ్ళ మీద నిలబడి తిరుగుతున్నారు. పక్కన బిగుతు లాగులు వేసుకున్న మగపిల్లలు. చాచా ఫోన్ బోర్లా పెట్టేశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు మనవరాండ్లున్నరు బిడ్డా. మసీదుల ముందు వరుసల నిలబడేటోణ్ణి. ఈ బట్టలల్ల పిల్లలను చూస్తాడు ముసలోడు అంటే ఏమైతది చెప్పు నా ఇజ్జత్? చూసేది కాళ్ళు గాదు..." ఆగి ఆలోచించాడు. నిజాయితీగల మనిషి. "అంటే... కాళ్ళే. కని గట్ల గాదు."

ఎవరికీ చెప్పనని అప్పుడే మాట ఇచ్చాను. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు, ఫోన్ బోర్లా పడేది, చిలకపచ్చ ముక్క పైకి లేచేది. సౌండ్ ఎన్నడూ పెట్టలేదు. అంతా మూగగా జరిగేది. నోరు తెరవని ఆ ఆట, వినపడని ఆ సంగీతం, ఇవతల నా పీకో మిషన్ గరగర. ఆ గరగరకే ఆ పిల్లలు ఆడుతున్నట్టు ఉండేది.

"సంగీతం లేకుండ ఏం తెలుస్తుంది చాచా?" అన్నాను ఒకసారి.

"నేను ముందుగాల చూసింది ఫోటోలనే గద. ఫోటోకు సంగీతం యాడుంటది?"

ఆ ఫోటో సంగతి విని నాకు నా చిన్నతనం గుర్తొచ్చింది. రష్యా నుంచి వచ్చే నున్నటి కాగితాల పత్రికలు మా బడి పిల్లలందరికీ తెలుసు, చదవడానికి కాదు, పుస్తకాలకు అట్టలు వేయడానికి. మా నాయన కిరాణంలో పాత కాగితాల్లో అవి వస్తే ఉప్పూ పప్పూ కట్టకుండా వేరుగా పెట్టి అమ్మేవాడు. చాచా కొడుకు లెక్కల పుస్తకానికి కూడా అట్లాంటి అట్టే పడింది. దాని మీద ఒక అమ్మాయి, ఒక కాలి వేలి మీద నిలబడి, రెండో కాలు వెనక్కి చాపి. చాచా ఆ అట్ట ఊడదీసి, కొడుకు ఏడుస్తుంటే వార్తాపత్రిక అట్ట వేసి పంపించాడట. ఊడదీసింది తన పెట్టెలో పెట్టుకున్నాడు.

గార్డుకు ఒక ఇనుప పెట్టె ఉండేది, జెండాలు, దీపం, రూల్సు పుస్తకం పెట్టుకోవడానికి. చాలామంది మూత లోపలి వైపు దేవుడి బొమ్మలు అతికించుకునేవాళ్ళు. చాచా ఈ అమ్మాయిని అతికించుకున్నాడు. గూడ్సు బండి ఏ స్టేషనులోనో పక్క లైను మీద గంటలకొద్దీ నిలబెడితే, చివరి పెట్టెలో ఒక్కడే కూర్చొని మూత తెరిచి చూసేవాడు.

"ఆమె పడిపోతలేదు బిడ్డా. గదే నా పరేషాన్. బండి ఊగుతాంటే నేను పడిపోతాన, పెట్టె పడిపోతాంది, ఆమె మాత్రం ఒక్క వేలి మీద నిలబడ్డది నిలబడ్డట్టే."

ఆయన ఆ పిల్లలను చూసే తీరు వేరు. కాళ్ళ గురించి తక్కువ మాట్లాడేవాడు. చేతులు చూసేవాడు. గార్డు ఆకుపచ్చ జెండా చూపిస్తే అంత దూరాన ఇంజన్లో ఉన్న డ్రైవరుకు కనిపించాలి. చెయ్యి భుజం నుంచి చివరి వేలి దాకా పూర్తిగా చాపాలి, మోచెయ్యి వంగకూడదు, తొందరపడకూడదు. ఆ లెక్కన అందరినీ తూచేవాడు.

"ఈ పిల్ల సూడు, చెయ్యి సగంల ఆపేసింది. ఈమెతోని బండి కదలది."

ఇంకొకామె వచ్చేది, వయసు మళ్ళినట్టుండేది, చెయ్యి నీళ్ళలో కదిలినట్టు కదిలేది. ఆమె పేరు ఆయనకు పలకడం రాదు. "మా పెద్దక్క" అనేవాడు. పెద్దక్క చెయ్యి ఎత్తితే ఆయన కుడిచెయ్యి కూడా తెలియకుండానే స్టూలు మీదినుంచి లేచేది. ఆట అయిపోయాక చప్పట్లు కొట్టేవాడు కాదు. కుడిచెయ్యి నిండుగా చాపి మెల్లగా అటూ ఇటూ ఊపేవాడు. బండి కదలవచ్చని గార్డు ఇచ్చే సైగ అది. అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఆయన దగ్గర లేదు.

ఆయనకు తెలిసిన చరిత్రలో ఎంత నిజమో, ఎంత బండి చివరి పెట్టెలో కూర్చొని కల్పించుకుందో నాకు తెలియదు. ఫ్రాన్సులో ఒక రాజు సూర్యుడి వేషం కట్టి తానే ఆడేవాడట.

"మరెందుకు మానేసిండు?" అని అడిగాను.

"లావైండు." తన బొజ్జ తట్టుకున్నాడు. "అదొక్కటే ఆయనకూ నాకూ పొత్తు."

నేను ఊరుకునేదాన్ని కాదు. పక్కన కూర్చొని పీకో కుడుతూ ఆ ఆటతో కూడా బేరమాడేదాన్ని.

"చాచా, వేళ్ళ చివర్ల మీదనే నిలబడాల్నా? సగం పాదం మీద నిలబడితే నడవదా? ఎవరికి తెలుస్తుంది అంత దూరం నుంచి?"

"బేరమాడకు బిడ్డా."

"హంసగా మారిన ఆ పిల్లను చంపకుండా కథ కుదరదా? ఆ రాకుమారుడు ఇంకో పిల్లను ఆమే అనుకొని ఒక తప్పు చేసిండు, మాఫీ అడిగిండు. ఇంకేం కావాలె?"

"తగ్గియ్యరు," అనేవాడు ఖచ్చితంగా, నేను కొనుగోలుదార్లతో అనే స్వరంలోనే. "ఒకటే ధర."

ఒకరోజు ఒక టీచరమ్మ బడి వార్షికోత్సవానికి తెల్ల నెట్ కొనుక్కొని వెళ్ళింది. ఆమె మెట్లు దిగాక చాచా ముక్క పక్కన పెట్టి, టీ తాగుతూ చెప్పాడు. పూర్వం కరెంటు లేని కాలంలో స్టేజీ మీద గ్యాస్ దీపాలుండేవట. నెట్ గౌనులకు నిప్పంటుకొని పిల్లలు కాలిపోయేవాళ్ళట. నిప్పంటుకోని మందులో ముంచిన గుడ్డ వచ్చింది. వేసుకోవాలని ఆర్డరు కూడా వచ్చింది. ఒక పిల్ల మాత్రం వేసుకోనన్నది.

"ఎందుకు?" అన్నాను. గుడ్డ సంగతి కదా, మిషన్ ఆపాను.

"మందుల ముంచితే గుడ్డ బిగుసుకుపోతదట. పసుపుపచ్చగ మాసినట్టయితదట. గాలిల తేలది. వద్దు, పాతదే కట్టుకుంటనన్నది. కాగితం మీద రాసిచ్చిందట గూడ. ఒకనాడు దీపం దగ్గరికి పోయింది..."

ఎట్లా పోయిందో చూపించడానికి ఆయన గ్లాసున్న చెయ్యి చాపాడు, టీ ఒలికింది. చిలకపచ్చ ముక్క మీద పడింది. ఇద్దరం తుడిచాం. మరక పోలేదు.

నేనేం అన్నానో చెప్పడానికి ఇప్పటికీ ముఖం చెల్లదు. "ఏమంత మాసిపోతుంది చాచా, కొంచెం తెలుపు తగ్గుతుంది, అంతే కదా" అన్నాను. తెలుపు ఇంత తగ్గితే ప్రాణం అంత మిగులుతుందని అక్కడ కూడా లెక్క తీశాను. ఆయన కోపగించలేదు. నా వైపు చూసి, "నీ మాట ఖరే," అన్నాడు. "నేను గూడ ఆ పిల్లకు గదే చెప్పెటోణ్ణి. ఆమె ఇనకపోతుండె." ఆనాటి నుంచి ఎవరు నెట్ కొన్నా దీపాల దగ్గరికి పోనివ్వకండి అని చెప్పి పంపిస్తాను. కొనేవాళ్ళు వింతగా చూస్తారు.

పెట్టె మూత కథ చివర ఆయన ఎప్పుడూ ఆగిపోయే చోటొకటి ఉండేది. అది దాటి చెప్పింది ఒక్కసారే. ఒక ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చి పెట్టె తెరిపించాడట. చుట్టూ తోటి గార్డులున్నారు. "ఎవరయ్యా ఈమె?" అన్నాడట మూత చూసి.

"ఏం చెప్పారు?"

చాచా విజిల్ తీసి చూసుకున్నాడు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"సర్కస్ సార్, అన్న. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్విన. అన్నేండ్లు నా పెట్టెల ఉన్నదాన్ని సర్కస్ అన్న బిడ్డా. ఇంటికి పోయి ఆ అట్ట పీకేసిన. చింపలేదు, కని మల్ల ఆమె మొఖం చూడలేకపోయిన. ఈ ఫోన్ వచ్చినాంకనే మల్ల చూస్తాన."

అప్పుడు అర్థమైంది నాకు, ఆయన ఫోన్ బోర్లా పెట్టినప్పుడల్లా చెవులు ఎందుకు ఎర్రబడేవో. దాచుకోవాలనిపించే సిగ్గు ఒకటైతే, దాచుకుంటున్నందుకు ఇంకో సిగ్గు.

నాకూ ఒక సిగ్గుండేది, అంత గొప్పది కాదు. ఎదురుగా స్టీలు సామాన్ల కొట్టు సేటు ఒకనాడు రోడ్డు అవతలి నుంచే అరిచాడు.

"ఏంది వదినా, డోర్నకల్ ప్యాసింజర్ రోజు మీ కొట్టు కాడ్నే ఆగుతాంది? సిగ్నల్ ఇస్తలెవ్వా?"

"మీ కొట్టు కాడ గూడ్సు గూడ ఆగది, మీకేం తెలుస్తది తియ్యి," అన్నాను. బజారు నవ్వింది. గెలిచాను. లోపలికి వచ్చాక నా ముఖం వేడిగా ఉంది. ఆ రోజు నుంచి ఆయన రాగానే బజారంతా వినేలా "సలాం చాచా! చాచీకెట్లుంది?" అని అరవడం మొదలుపెట్టాను. ఆయనకు అర్థమైంది. మెట్ల కింది నుంచే, నాకన్నా గట్టిగా, "చాచీ మంచిగుంది బిడ్డా! నిన్నడిగింది!" అని జవాబు ఇచ్చేవాడు. చాచీ నన్ను అడగనే లేదని ఇద్దరికీ తెలుసు.

తర్వాత ఆయన కొన్నాళ్ళు రాలేదు. దవాఖానలో ఉన్నాడని స్టీలు సేటే వచ్చి చెప్పాడు. ఈసారి జోకులేమీ వేయలేదు. రెండోసారి వచ్చి, ఆయన పోయాడన్న మాట చెప్పాడు. మా ఆయనతో కలిసి వాళ్ళింటికి వెళ్ళి ఆడవాళ్ళలో ఒక మూల కూర్చున్నాను. ఎవరో "మీరు ఏమైతరు?" అని అడిగారు. "మ్యాచింగ్ సెంటర్," అన్నాను. అవతల గోడకానుకొని కూర్చున్న చాచీ తలెత్తి నన్ను ఒక్క చూపు చూసింది. ఆ చూపే మొన్న నా గల్లా ముందుకు నడిచి వచ్చింది.

"చెప్పవా?" అన్నది చాచీ.

నేను వ్యాపారస్తురాల్ని. ముందు సరుకు తక్కువ ధరకే వదిలించుకోవాలని చూశాను. "అది కాదు చాచీ, ఈ పచ్చలో కొంచెం పసుపు కలిసింది. కంపెనీవాళ్ళు ఈ షేడు..."

చాచీ చూపుడువేలు పైకెత్తింది. నా తల మీద కొక్కేనికి చిలకపచ్చ లైనింగ్ తాను వేలాడుతోంది. ముక్కకూ దానికీ వెంట్రుకంత తేడా లేదు. ఉన్న సరుకును లేదని చెప్పి దొరికిపోయాను. మా వంశంలో లేని సరుకును ఉందని చెప్పి దొరికినవాళ్ళున్నారు గానీ, ఇది మొదటిసారి.

"దీని చీర ఆయనే తెచ్చిండు రంజాన్‌కు," అన్నది ముక్కను సవరిస్తూ. "జాకెట్ లేక కట్టుకోనే లేదు. ముక్క ఏదంటే మ్యాచింగ్‌కు ఇచ్చిన, ఆగు అంటుండె. బీరువల పెట్టింది పెట్టినట్టే ఉన్నది. బజార్ల ఏమేమో అంటుండిరి. నేను నమ్మలె బిడ్డా. కని, నమ్మకపోతే మరి ఏమనుకోవాలె, అది గూడ తెల్వకపాయె."

మా ఆచారంలో ఒక చీర కట్టుబడకుండా పోయిందని నాకు తట్టనే లేదు. ముక్కను రోజూ చేత్తో పట్టుకున్నాను, వెలుతురులో చూశాను, మరక తుడిచాను. దాని వెనక చీర ఉంటుందని, ఆ చీర వెనక ఒక ఆడమనిషి ఎదురుచూస్తూ ఉంటుందని బ్లౌజులమ్మే నాకే తెలియలేదు. తల దించుకొని, చాచీని వెనక్కి తీసుకెళ్ళి స్టూలు మీద కూర్చోబెట్టాను. నా ఫోన్ తీసి రీళ్ళ డబ్బాకు ఆనించాను.

"దీని కోసం," అన్నాను.

పెద్దక్క వచ్చింది. తెల్ల నెట్, పొడుగు మెడ. చాచీ నోటి మీద కొంగు పెట్టుకుంది.

"అయ్యో! కాళ్ళన్ని కనబడ్తున్నయ్ గద! ఏందిది?"

నా నాలుక మీదికి ఒక మాట వచ్చింది. అదొక్కటి అంటే చాచీ నవ్వేది, నేనూ నవ్వేదాన్ని, సులువుగా తెమిలిపోయేది. సర్కస్. మింగేశాను.

"బ్యాలె అంటారు చాచీ. ఆయనకు ప్రాణం. నలుగురు నవ్వుతారని సిగ్గుపడేవాడు. అందుకే ఇక్కడ చూసేవాడు. అంతే. ఇంకేం లేదు."

చాచీ నోటి మీది కొంగు తీసింది. "సప్పుడెందుకొస్తలేదు?" అన్నది.

సౌండ్ పెట్టాను. ఆ కొట్టులో మొదటిసారి. ఫిడేళ్ళ సంగీతం వచ్చింది, దాని కింద ఇంకో చప్పుడు కూడా వచ్చింది. చెక్క మీద బూట్లు తగిలే టక్, టక్. ఆ పిల్లలకు బరువుంటుందని నాకూ అప్పుడే తెలిసింది. చాచీ ముందుకు వంగింది.

"వేళ్ళ మీద నడుస్తే ఇంత సప్పుడైతదా?" అన్నది. "ఆయన నడుస్తే కాకపోతుండె."

"ఎవరు చాచీ?"

"మా డోర్నకల్ క్వార్టర్ల. డ్యూటీ దిగి పగటీలి, ఎండపొద్దుల ఇంటికొస్తుండె. పిల్లలు, నేను పండుకొని ఉంటుంటిమి. లేవద్దని బూట్లు బయటనే ఇడిసి, గిట్ల వేళ్ళ మీద నడుస్తుండె అర్రల. చేతులు గిట్ల పక్కకు చాపి." చాచీ రెండు చేతులు చాపి చూపించింది. పూర్తిగా, చివరి వేలి దాకా. "గోడ కాడికి పోయేది, మల్ల తిరిగొచ్చేది. నీళ్ళు తాగనీకె పోయేటోడు గంత సేపు తిరుగుతడా? నేను సగం కన్ను తెరిచి చూస్తుంటి. దొంగ లెక్క ఏం నడక ఇది, అనుకుంటుంటి. లేస్తే సిగ్గుపడ్తడని పండుకున్నట్టే ఉంటుంటి."

ఫోన్‌లో ఆట అయిపోయింది. జనం చప్పట్లు కొడుతున్నారు. చాచీ కొంగుతో కళ్ళు ఒత్తుకొని, ముక్కు తుడుచుకొని, సంచీ సర్దుకుంది.

నేను కత్తెర తీశాను. "లైనింగ్ కొయ్యనా చాచీ? సాయంత్రానికి జాకెట్ కూడా కుట్టించి ఇస్తాను."

చాచీ ముక్కను నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది.

"కోడలు అడుగుతది యాడికి పోయినవ్ అత్తమ్మా అని. ఇయ్యాల్నే కోస్తే, రేపు ఏమని చెప్పి రావాలె?"

నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. "లేదు చాచీ," అన్నాను, బజారుకు వినపడేలా. "చిలకపచ్చ ఇంకా రాలేదు. రేపు రండి."

చాచీ లేవలేదు. స్టూలు మీద కూర్చొనే పైన వేలాడుతున్న లైనింగ్ తాను వైపు చూసింది.

"గది ముందు లోపల పెట్టు. గంత కండ్ల ముందట పెట్టుకొని లేదంటే ఎవరు నమ్ముతరు? ఇజ్జత్ పోతది."

ఆ తాను ఎత్తులో ఉంది. ఎక్కడానికి స్టూలు లేదు, దాని మీద ఆమె ఉంది. చెప్పులు విడిచి మునివేళ్ళ మీద లేచి చెయ్యి చాపాను. అందలేదు.

"ఇంక జర," అన్నది చాచీ.